గడ్డి నేల ఖాళీ నేల కాదు: సౌదీలో చలికాలపు విహారం
(రేడియో ప్రసంగ పాఠం)



చలికాలం మొదలైందంటే సౌదీలోని మన తెలుగు కుటుంబాల్లో ఒకటే చర్చ. ఈ శుక్రవారం, శనివారం ఎక్కడికి వెళదాం? మాల్‌కే వెళదామా, లేక ఎవరింట్లోనైనా బిర్యానీ వండుకుని కూర్చుందామా? ఎనిమిది నెలలు ఎ.సి. గదుల్లో గడిపినవాళ్ళకి, హాయిగా బయట తిరగగలిగే ఈ నాలుగు నెలలూ బంగారంలాంటివి. అందుకే ఈరోజు సౌదీలోని గడ్డి నేలల గురించీ, అక్కడి జంతువుల గురించీ, వెళితే ఎక్కడ ఉండాలి, ఎలా క్షేమంగా తిరిగి రావాలి అన్నదాని గురించీ చెప్పుకుందాం.

"సౌదీలో గడ్డి నేలలేమిటండీ, అంతా ఇసుకే కదా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. అది సినిమాలు చూసి ఏర్పడిన అభిప్రాయం. ఇసుక దిబ్బలు ఉన్నమాట నిజమే. దక్షిణాన రుబ్ అల్ ఖాలీ, ఉత్తరాన నఫూద్, ఆ రెంటినీ కలుపుతూ నడుమ దహ్నా అనే ఇసుక పట్టీ ఉన్నాయి. కానీ దేశంలో చాలా భాగం గట్టి నేల. గులకరాళ్ళ మైదానాలు, నల్లరాతి లావా నేలలు, తుమ్మచెట్లున్న వాగులు, కుదుళ్ళు కుదుళ్ళుగా గడ్డి మొలిచే విశాలమైన బయళ్ళు. ఇలాంటి బయళ్ళలో ఏడాది మొత్తానికి పడే వాన 100 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలోనే 500 మిల్లీమీటర్ల పైచిలుకు పడుతుంది. అంటే అనంతపురం వానలో అయిదో వంతుతో ఇక్కడి గడ్డి బతుకుతోందన్నమాట.

ఎలా బతుకుతుంది? వాన ఎంత పడింది అన్నదానికన్నా, పడిన నీరు ఎక్కడికి చేరింది అన్నది ముఖ్యం. చుట్టుపక్కల రాతినేల మీద పడిన నీరంతా పల్లానికి జారి, వెంట ఒండ్రుమట్టిని తీసుకొచ్చి ఒకచోట నిలుస్తుంది. అలాంటి పల్లాన్ని అరబ్బీలో 'రౌదా' అంటారు. తోట అని అర్థం. రాజధాని రియాద్ పేరు కూడా ఈ మాటకు బహువచనమే. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా పడే వానలను 'వస్మ్' అంటారు. ఈ వానలు సకాలంలో పడితే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రౌదాలు పచ్చబడతాయి. 'ఖుజామా' అనే ఊదారంగు పువ్వు నేలంతా పరుచుకుంటుంది. 2021లో సౌదీ ప్రభుత్వం అతిథులకు పరిచే ఎర్ర తివాచీని ఊదారంగుకు మార్చింది ఈ పూల రంగును తలపించడానికే. పుట్టగొడుగుల జాతికి చెందిన 'ఫగా' కూడా ఈ వానల తరువాతే నేలలోంచి పైకి ఉబుకుతుంది. బంగాళాదుంపలా ఉండే ఈ ఫగాను వెతకడానికి జనం కుటుంబాలతో సహా బయలుదేరుతారు.

ఇంత తక్కువ వానతో మొలిచే గడ్డిని పశువులు నిరంతరం మేస్తే ఏమవుతుంది? వేరుతో సహా పోతుంది. ఈ సంగతి అరబ్బులకు వెనకటి నుంచీ తెలుసు. అందుకే 'హిమా' అనే కట్టుబాటు పెట్టుకున్నారు. ఇస్లాంకు ముందునుంచీ ఉన్న పద్ధతి ఇది. ఫలానా బయలు ఫలానా నెలల్లో మేపకూడదు, ఫలానా చోట గడ్డి కోసుకోవచ్చు గాని మంద తోలకూడదు, కరువు వస్తేనే తెరవాలి, ఇలా ఉండేవి నియమాలు. మన పల్లెల్లో పశువుల బీడు, తెలంగాణలో గైరాను అంటామే, దానికి కాలనియమం కూడా తోడైందనుకోండి, అదే హిమా. 1953లో వచ్చిన రాజశాసనంతో తెగల ఆధీనంలో ఉన్న బయళ్ళు అందరికీ తెరుచుకున్నాయి. ఉద్దేశం మంచిదే కావచ్చు గాని, 'ఇది మాది, మేము కాపాడుకోవాలి' అనేవారు లేకుండా పోయారు. అదే కాలంలో లారీలు, నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. పూర్వం నీళ్ళు అయిపోతే మంద కదిలిపోయేది, గడ్డికి ఊపిరి దొరికేది. ట్యాంకరు వచ్చాక మంద అక్కడే ఉండిపోయింది, గడ్డి అయిపోయింది.

గడ్డి పోయాక జంతువులు నిలవవు కదా. దానికి తోడు తుపాకులూ, జీపులూ వచ్చాయి. ఖతార్ ఎయిర్‌వేస్ విమానం తోక మీద కొమ్ములున్న జంతువు బొమ్మను మీరందరూ చూసే ఉంటారు. అది ఒరిక్స్. తెల్లని ఒళ్ళు, నల్లని కాళ్ళు, కత్తుల్లాంటి రెండు నిటారు కొమ్ములు. పక్కనుంచి చూస్తే ఒకటే కొమ్ము ఉన్నట్టు కనిపిస్తుంది. అరబ్బీలో దీని పేరు 'మహా'. అందమైన పేరని ఆడపిల్లలకూ పెట్టుకుంటారు. నీళ్ళు తాగకుండా, గడ్డిలోని తేమతోనే వారాల తరబడి ఉండగలదు. అంతటి జంతువు మనిషి చేతిలో ఓడిపోయింది. 1972లో ఒమన్‌లో చివరి ఒరిక్స్‌లు కూడా వేటకు బలైపోవడంతో, ప్రపంచంలో ఎక్కడా స్వేచ్ఛగా తిరిగే ఒరిక్స్ అన్నది లేకుండా పోయింది.

అయితే అంతకు పదేళ్ళ ముందే, 1962లో, కొందరు ముందుచూపుతో మిగిలినవాటిలో కొన్నింటిని పట్టుకుని భద్రపరిచారు. వాటితో పాటు లండన్, కువైట్‌ల నుంచి వచ్చినవి, సౌదీ రాజు ఇచ్చినవి కలిపి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ జంతుశాలలో ఒక మందను పెంచారు. ఎండ, పొడి వాతావరణం ఇక్కడిలాగే ఉంటాయని ఆ చోటు ఎంచుకున్నారు. ఆ చిన్న మంద సంతానమే తరువాత అరేబియాకు తిరిగొచ్చింది.

సౌదీలో 1986లో వన్యప్రాణి సంరక్షణకు ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. అదే ఏడాది తాయిఫ్ దగ్గర పరిశోధనా కేంద్రం మొదలైంది. తాయిఫ్‌కు ఈశాన్యంగా సుమారు 170 కి.మీ. దూరంలో 'మహాజత్ అస్సైద్' అనే బయలుంది. 1988లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, 2,200 చ.కి.మీ. పైచిలుకు నేల చుట్టూ కంచె వేశారు. మన హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పాత పరిధి 650 చ.కి.మీ. అనుకుంటే, అలాంటివి మూడు పైగా పట్టేంత చోటు. కంచె వేసి మందలను బయట ఉంచడం తప్ప మొదట వాళ్ళు చేసింది పెద్దగా ఏమీ లేదు. గడ్డి దానంతట అదే తిరిగి వచ్చింది. 1990లో ఒరిక్స్‌లను వదిలారు. 'రీమ్' అనే ఇసుక జింకలను, 1991 నుంచి 'హుబారా' పిట్టలను వదిలారు. అరేబియా నిప్పుకోడి జాతి ఇరవయ్యో శతాబ్దం మధ్యలోనే అంతరించిపోయింది కాబట్టి, దాని దగ్గరి చుట్టమైన ఆఫ్రికా ఎర్రమెడ నిప్పుకోళ్ళను తెచ్చి పెంచారు. ఎవరూ తీసుకురాకుండానే పెద్ద రాబందులు వచ్చి తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టుకున్నాయి.

1995లో రుబ్ అల్ ఖాలీ పడమటి అంచున ఉన్న ఉరూక్ బనీ మఆరిద్‌లో కూడా ఒరిక్స్‌లను వదిలారు. ఆ ప్రాంతాన్ని 2023లో యునెస్కో ప్రపంచ సహజ వారసత్వ స్థలంగా గుర్తించింది. సౌదీకి అలాంటి గుర్తింపు అదే మొదటిది. ఇక 2011లో ఒరిక్స్‌ను అంతర్జాతీయ ప్రమాద జాబితాలో కాస్త మెరుగైన స్థానానికి మార్చారు. ఒకప్పుడు అడవిలో పూర్తిగా అంతరించిన జంతువు అంత మెరుగైన స్థితికి చేరడం అదే తొలిసారి.

ఇంతటితో కథ సుఖాంతం అనుకోకండి. కంచెకు ఇంకో ముఖం కూడా ఉంది. 1999 నుంచి దాదాపు పదేళ్ళ పాటు మహాజత్‌లో కరువు తరచుగా వచ్చింది. పూర్వమైతే ఒరిక్స్‌లు, జింకలు వాన పడిన చోటును వెతుక్కుంటూ వందల మైళ్ళు నడిచిపోయేవి. ఇప్పుడు కంచె అడ్డం. వందలకొద్దీ ఒరిక్స్‌లు, వేలకొద్దీ జింకలు ఆకలితో చనిపోయాయి. చాలా కళేబరాలు కంచె పక్కనే దొరికాయి. గడ్డి జంతువులకు కావలసింది కాపలా ఒక్కటే కాదు, నడవడానికి చోటు కూడా. 2018లో సౌదీ ప్రభుత్వం ఆరు పెద్ద రాజరక్షిత ప్రాంతాలను ప్రకటించింది. చోటు ఎంత పెద్దదైతే కరువును తట్టుకునే శక్తి అంత పెరుగుతుంది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. హుబారాకు దగ్గరి చుట్టం మన బట్టమేక పిట్ట. మహాజత్‌కు కంచె పడిన కాలంలోనే, సరిగ్గా 1988లోనే, కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడులో బట్టమేక కోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. దాని విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే 6 చ.కి.మీ. చిల్లర. మొదట్లో బాగానే ఉంది. కానీ ఆ పిట్టకు అభయారణ్యం ఎంత అవసరమో, చుట్టూ ఉన్న బీళ్ళు, కొర్ర, జొన్న చేలు కూడా అంతే అవసరం. కాలవలొచ్చి, పంటలు మారి, బీళ్ళు తగ్గాయి. కృష్ణజింకలు పెరిగాయి గాని బట్టమేక కనిపించడమే గగనమైపోయింది. దేశం మొత్తం మీద ఇప్పుడు నూటయాభై పిట్టల లోపే మిగిలాయని అంచనా. రోళ్ళపాడులోనైనా మహాజత్‌లోనైనా తెలుస్తున్నది ఒకటే. గడ్డి నేల అంటే ఎందుకూ పనికిరాని బంజరు అనుకున్నంత కాలం దాన్ని పోగొట్టుకుంటూనే ఉంటాం.

సరే, మరి మనం వెళ్ళి చూడగలిగేవి ఏవి? మహాజత్‌లోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. తెలియక కంచె దాటినా నేరమే. రియాద్‌లో ఉన్నవారికి ఈశాన్యంగా సుమారు 100 కి.మీ. దూరంలో రౌదత్ ఖురైమ్ ఉంది. వాన పడిన ఏడాది అక్కడ తుమ్మచెట్లు, రేగుచెట్లు, కింద పచ్చిక చూస్తే మన పొలంగట్లు గుర్తొస్తాయి. ఇంకా పైకి వెళితే తన్హాత్ రౌదా. ఊరికి దగ్గరగా కావాలంటే సుమామా బయలు. ఈ ప్రాంతాల్లో చాలా చోట్ల ఇప్పుడు ముందుగా అంతర్జాలంలో పేరు నమోదు చేసుకుని అనుమతి పొందాలి. ఏ గేటు ఏ నెలల్లో తెరుస్తారు అన్నది ఏటా మారుతుంది కాబట్టి, బయలుదేరే వారంలోనే చూసుకోండి. పోయినేడు వెళ్ళొచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడకండి.

అక్కడ ఏం కనిపిస్తాయి? ఒరిక్స్ కోసం ఆశపడి వెళ్ళకండి. తెల్లవారుజామున, సాయంత్రం పూట ఓపికగా కూర్చుంటే ఎడారి నక్కలు, చెవుల పిల్లులు, రకరకాల భరత పక్షులు కనిపిస్తాయి. ఎండ కాస్త ఎక్కాక 'దబ్' అనే ముళ్ళతోక బల్లి కలుగు బయటకొచ్చి ఎండ కాచుకుంటుంది. చూడటానికి మన ఉడుములా ఉంటుంది గాని ఎక్కువగా ఆకులు తినే సాధుజీవి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వలస వచ్చే గద్దలు ఆకాశంలో తిరుగుతుంటాయి. పిల్లలకు ఒక దూరదర్శిని కొనిస్తే ఫోన్ సంగతే మరిచిపోతారు.

ఇక బస. మూడు మార్గాలున్నాయి. మొదటిది 'ఇస్తిరాహా'. చుట్టూ ప్రహరీ, లోపల కూర్చునే గది, వంటిల్లు, పచ్చిక, ఆటస్థలం ఉండే విడిది. ఊరి చివర్లో ఉంటాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి తీసుకుంటే ఖర్చు తేలిక. అయితే ముందే కొన్ని అడగాలి. రాత్రి నిద్రకు కూడానా, లేక అర్ధరాత్రికి ఖాళీ చేయాలా? హీటరు, గ్యాసు పనిచేస్తున్నాయా? ఈతకొలను ఉంటే దాని చుట్టూ అడ్డు ఉందా? చిన్నపిల్లలున్నవారు ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగాలి. అడ్డు లేకపోతే వేరే విడిది చూసుకోండి. బయానా ఇచ్చాక రసీదు తీసుకోండి. ఇఖామాలు అందరివీ దగ్గర పెట్టుకోండి.

రెండోది 'ముఖయ్యమ్', అంటే గుడారాల విడిది. చలికాలంలో మాత్రమే నడుస్తాయి. లైసెన్సు ఉన్నదే ఎంచుకోండి. మూడోది, సొంత గుడారం వేసుకోవడం. ఇక్కడివాళ్ళు ఇలాంటి విహారాన్ని 'కష్తా' అంటారు. వాగు నడుమ ఎంత చదునుగా, ఇసుక మెత్తగా ఉన్నా సరే, అక్కడ గుడారం వేయవద్దు. పైన ఎక్కడో వాన పడితే మీ దగ్గర చినుకు లేకుండానే వరద వస్తుంది. 2009 నవంబరులో జిద్దాలో కొన్ని గంటల వానకు నూరుమందికి పైగా ప్రాణాలు పోయిన సంగతి మరవకండి. ఇంకో మాట. ఈ బయళ్ళలో రాత్రిపూట చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. వణుకుతున్నాం కదా అని బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చుకుని జిప్పు మూసుకోవద్దు. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు రజాయిలు ఎక్కువ తీసుకెళ్ళండి. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్ళుంటాయి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. 2024 వేసవిలో తెలంగాణకు చెందిన ఒక యువ ఉద్యోగి తన సహచరుడితో కలిసి రుబ్ అల్ ఖాలీలో దారి తప్పాడు. దారి చూపే జి.పి.ఎస్. పనిచేయలేదు, బండిలో ఇంధనం అయిపోయింది, ఫోన్ ఛార్జింగు అయిపోయింది, నీళ్ళు అయిపోయాయి. ఇద్దరూ దక్కలేదు. అతను వెళ్ళింది విహారానికి కాదు, ఉద్యోగం పని మీద. ఎడారికి ఆ తేడా తెలియదు. అందుచేత ఈ నాలుగు నియమాలు గట్టిగా పట్టుకోండి.

ఒకటి, తారు రోడ్డు దిగుతున్నారంటే ఒక్క బండితో వెళ్ళకండి, కనీసం రెండు బళ్ళుండాలి. రెండు, ఎక్కడికి వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఊళ్ళో ఒకరికి చెప్పి, ఆ సమయం దాటితే ఫోన్ చేయమని అప్పగించండి. మూడు, మనిషికి రోజుకు కనీసం అయిదారు లీటర్ల నీళ్ళు, ఒకరోజుకు వెళుతున్నా రెండు రోజులకు సరిపడా. నాలుగు, బండి ఆగిపోతే బండిని వదిలి నడవకండి. దాని నీడలో కూర్చోండి. వెతికేవాళ్ళకు పైనుంచి మనిషి కనబడడు, బండి కనబడుతుంది. రియాద్, మక్కా, తూర్పు ప్రాంతాల్లో అత్యవసర సహాయానికి 911. అంబులెన్సుకు 997. వీటిని ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసుకోండి.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలుపెట్టండి. రాత్రి హైవే మీద ఒంటె అడ్డం వస్తే దాని పొడుగుకాళ్ళకు బండి తగిలి, అంత బరువైన శరీరం నేరుగా ముందు అద్దం మీద పడుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2020లో వచ్చిన పర్యావరణ చట్టం చాలా కఠినమైంది. చెట్టు కొట్టకూడదు, ఎండుపుల్లలైనా స్థానికపు కట్టెలు కాల్చకూడదు. దిగుమతి చేసిన కట్టెలు, బొగ్గులు దుకాణాల్లో దొరుకుతాయి. నిప్పు నేల మీద పెట్టకుండా ఇనుప కుంపటిలోనే పెట్టాలి. వేట అసలే వద్దు, సరదాకి దబ్‌ను పట్టుకోవడం కూడా. రౌదాలో పచ్చిక మీదికి బండి ఎక్కించకూడదు. ఇది కేవలం జరిమానా భయంతో చెప్పే మాట కాదు. తడినేల మీద ఒక్కసారి టైరు నడిస్తే మట్టి గట్టిపడిపోతుంది. ఆ చాళ్ళలో ఏళ్ళ తరబడి గింజ మొలవదు. 100 మిల్లీమీటర్ల వానతో బతికే గడ్డికి మనం చేసే చిన్న గాయమే పెద్ద గాయం.

చివరగా ఇంకొకరి గురించి చెప్పాలి. ఆ బయళ్ళలో దూరంగా ఒక గుడారం, నీళ్ళ ట్యాంకరు, గొర్రెల మంద కనిపిస్తాయి. అక్కడ ఒక కాపరి ఉంటాడు. సూడాన్ అతను కావచ్చు, బంగ్లాదేశ్ అతను కావచ్చు, మన జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన అన్న కూడా కావచ్చు. మనకు రెండు రోజుల విహారం, అతనికి రెండేళ్ళ జీవితం. సలాం చెప్పండి. ఫోటో తీసేముందు అడగండి. తెలుగు మనిషైతే, "ఇంటికి ఫోన్ చేస్తవా అన్నా?" అని ఒక్క మాట అడిగి చూడండి. తెచ్చుకున్న నీళ్ళలో, పండ్లలో కొంచెం ఇచ్చి రండి. జీతం అందడం లేదనో, పాస్‌పోర్టు తన దగ్గర లేదనో చెబితే, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం ఈ దేశ చట్టానికే విరుద్ధమని చెప్పండి. అతను సరేనంటేనే, రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికో, జిద్దాలోని కాన్సులేట్‌కో విషయం చేరవేయండి. తొందరపడి అక్కడే గొడవ పెట్టుకుంటే కష్టం మీకు కాదు, అతనికి.

కిటికీలోంచి చూస్తే ఆ బయలంతా ఖాళీగా కనిపిస్తుంది. కానీ అక్కడ ప్రతి కుదురుకీ ఒక లెక్క ఉంది. గడ్డిని నమ్ముకుని జింక ఉంది, తుమ్మచెట్టును నమ్ముకుని రాబందు ఉంది, మందను నమ్ముకుని కాపరి ఉన్నాడు, ఆ కాపరి పంపే డబ్బును నమ్ముకుని మన ఊళ్ళో ఒక ఇల్లు ఉంది. వెళ్ళండి, పిల్లలకు చూపించండి. వెళ్ళినప్పుడు ఎలా ఉందో, వచ్చేటప్పుడు అలాగే వదిలి రండి.